ఫలజ్ గట్టున రెండు ఉదయాలు: ఒమాన్‌లో ఒక విద్యార్థి బృందం కేస్ స్టడీ

మస్కట్‌లో ఉంటూ విద్యార్థి బృందాలకు ఒమాన్ చూపించడం నా వృత్తి. తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి వచ్చే బృందాలు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. అందులో ఒక బృందం కథ ఇది, ఫలజ్ అనే ఊరి నీటి కాలవ దగ్గర జరిగింది. ఊరి పేరు, కాలేజీ పేరు, సంవత్సరం చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఏ రోజు ఏం జరిగింది, నేను ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాను అన్నవి మాత్రం ఉన్నవున్నట్టు రాస్తున్నాను. పిల్లల్ని ఇలా బయటి దేశాలకు తీసుకెళ్లే లెక్చరర్లకు, నాలాంటి గైడ్లకు ఉపయోగపడాలని నా కోరిక.

నేపథ్యం

ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం విద్యార్థులు 24 మంది. అమ్మాయిలు 14, అబ్బాయిలు 10. వెంట ఒక సార్, ఒక మేడమ్. జనవరి చివరి వారం. ఒమాన్ సంప్రదాయ జీవనం, కట్టడాలు, నేల తీరు చూసి తిరిగి వెళ్లాక రిపోర్టు రాయాలి.

ఆరు రోజుల పట్టిక నేనే వేశాను. బుధవారం మస్కట్‌లో పెద్ద మసీదు, ముత్రా సూక్ అనే పాత బజారు. గురువారం నిజ్వా కోట. శుక్రవారం పొద్దున నిజ్వా మేకల సంత, అక్కడి నుంచి నేరుగా కొండ పక్కనున్న ఒక పాత ఊరు. శనివారం జబ్రీన్ కోట, బహ్లా. ఆదివారం షర్కియా ఇసుక ఎడారి, రాత్రి అక్కడే గుడారాలు. సోమవారం వాదీ షాబ్, సూర్, రాత్రికి మస్కట్. డబ్బు కట్టిన తల్లిదండ్రులకు ఈ పట్టిక బాగా నచ్చింది. ఎన్ని పేర్లుంటే అంత గిట్టుబాటు అనిపిస్తుంది కదా. అప్పటికి నాకూ అలాగే అనిపించేది.

బట్టల గురించి, ఫొటోల గురించి జాగ్రత్తలన్నీ ముందే వాట్సాప్‌లో పంపాం. అందరూ చదివామన్నారు.

మొదటి రోజే ఒక సూచన కనిపించింది, నేను పట్టించుకోలేదు. పెద్ద మసీదులో ముస్లిమేతరులను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకే రానిస్తారు. ఆడపిల్లలు తల, మణికట్టు, చీలమండ కప్పుకోవాలి. ముగ్గురమ్మాయిల ప్యాంట్లు పొట్టివని గేటు దగ్గరే ఆపేశారు. అబాయాలు, అంటే ఒళ్లంతా కప్పే పొడవాటి అంగీలు, అద్దెకు తెచ్చేసరికి గంట పోయింది. లోపల ప్రార్థనా మందిరంలో పరిచిన తివాచీని ఇరాన్‌లో 600 మంది స్త్రీలు నాలుగేళ్లు నేశారని, దాని బరువు 21 టన్నులని చెప్పాను. తలలూపారు. ఆ పూట నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. ఇక్కడ ఎంతసేపుంటాం? ఫొటో ఎక్కడి నుంచి బాగా వస్తుంది? కొత్త దేశం, తొలి రోజు, అలసట అనుకున్నాను.

ఊళ్లో జరిగింది

శుక్రవారం మేకల సంత పిల్లలకు ఎంతో నచ్చింది. తెల్లవారగానే మొదలవుతుంది. అమ్మేవాళ్లు మేకలను తాళ్లతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటారు. కొనేవాళ్లు నడుస్తున్న మేకను ఆపి పళ్లు చూస్తారు, నడుం నొక్కుతారు, ధర అడుగుతారు, వదిలేస్తారు. చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం కెమెరాలతో నిలబడి ఉంటారు, వద్దనేవాళ్లు లేరు. మనవాళ్లూ తనివితీరా తీసుకున్నారు.

అక్కడి నుంచి ఊరికి చేరేసరికి పదకొండున్నర. శుక్రవారం, జుమా నమాజు వేళ. మగవాళ్లు మసీదుకు వెళ్తున్నారు. ఆడవాళ్లు, పిల్లలు ఇళ్లలో, కాలవ దగ్గర ఉన్నారు. ఆ సమయంలో 24 మంది పిల్లలు, మేం ముగ్గురం, మొత్తం 27 మందిమి మట్టి గోడల మధ్య సందుల్లోకి దిగాం.

ఇక్కడ ఫలజ్ గురించి కొంచెం చెప్పాలి. కొండ పాదంలోని భూగర్భ జలాన్నో, ఊటనో, వాగు నీటినో వాలు ఆధారంగానే ఊరికి తెచ్చే కాలవ అది. మోటారు లేదు. తల్లిబావి నుంచి కిలోమీటర్ల కొద్దీ సొరంగంలో వచ్చేది దావూదీ. ఊట నుంచి వచ్చేది ఐనీ. వాగు నుంచి మళ్లించేది ఘైలీ. ఒమాన్‌లో ఇప్పటికీ మూడు వేల దాకా ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్లు ఊళ్లోకి వచ్చాక ఒక వరుసలో వాడతారు. మొదటి చోటు తాగే నీళ్లది. తర్వాత మసీదు, స్నానపు గదులు, బట్టలు, గిన్నెలు. ఆ తర్వాత ఖర్జూర తోటలు. చివర్లో కూరగాయలు, గడ్డి, గోధుమ మడులు. కరువొస్తే చివరి మడులు ఎండబెట్టి చెట్లను కాపాడుకుంటారు. మడి మళ్లీ వేసుకోవచ్చు, చెట్టు పోతే తిరిగి పెంచడానికి ఏళ్లు పడుతుంది.

ఇవన్నీ నాకు తెలుసు. బస్సులో చెప్పలేదు. ఊళ్లో నిలబడి చెబుదామనుకున్నాను.

అప్పటికే నలుగురైదుగురు చెప్పులు విప్పి మొదటి చోటునే కాళ్లు కాలవలో పెట్టారు. ఎండలో నడిచి వచ్చారు, చల్లటి నీళ్లు. కాస్త కింద కాలవ మీద పైకప్పు లేని రాతి గది ఒకటి ఉంది. ఒకమ్మాయి, చదువులో బాగా ముందుండే పిల్ల, ఆ గోడ కట్టిన తీరు చూసి ఫోన్ ఎత్తి పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. అది ఆడవాళ్ల స్నానపు గది. లోపల మనిషి ఉంది. అరుపు వినబడగానే ఏమైందోనని మన అబ్బాయిలు అటే పరుగెత్తారు. దాంతో ఇంకా పెద్దదైంది.

మసీదు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కోపంగా ఉన్నా గొంతు పెంచలేదు. కాలవలోని కాళ్ల వైపు చూపించి, ఇవి తాగే నీళ్లు అన్నారు. ఇళ్లకు ఇప్పుడు పైపుల నీళ్లు వస్తున్నా, మొదటి చోటు మొదటి చోటే. తర్వాత నా వైపు తిరిగి ఒక్క మాట అడిగారు. "నువ్వు ఇక్కడ ఉండేవాడివే కదా, ఈ రోజు ఏ వారమో తెలియదా?"

మేం చేసిన మొదటి ప్రయత్నాలు

వెంటనే క్షమాపణ చెప్పి బస్సెక్కాం. ఆ అమ్మాయి ఫొటో తీయలేదంది. ఫోన్ చూశాం, నిజంగానే లేదు. సార్ బస్సులో అందరి ముందూ గట్టిగా మందలించారు. అది ఆయన అధికారం, ఆయన భయం కూడా. విదేశంలో ఏదైనా కేసు అయితే జవాబు చెప్పాల్సింది ఆయనే. రాత్రి హోటల్లో చేయకూడని పనుల జాబితా రాయించాం. శనివారం పొద్దున ఫోన్లన్నీ ఒక సంచీలో వేయించాం. నేనూ సరేనన్నాను. గొడవ ఫోన్ల వల్ల వచ్చిందనీ, అవి లేకపోతే పిల్లలు కుదురుగా చూస్తారనీ నా లెక్క.

ఆ లెక్క తప్పని జబ్రీన్‌లో తేలింది. పదిహేడో శతాబ్దంలో ఇమామ్ బిలారబ్ బిన్ సుల్తాన్ కట్టించిన కోట అది. రంగుల బొమ్మలు వేసిన చెక్క పైకప్పులు, గాలి ఆడేలా కింద ఒక వరుస, పైన ఒక వరుస కిటికీలు. ఖర్జూరాలు నిల్వచేసే గదిలో నేలంతా సన్నటి గాళ్లు ఉంటాయి. బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు రసం కారి, ఆ గాళ్ల వెంట జారి కుండలోకి చేరుతుంది. తినడానికి అదే పాకం, కోటల్లో శత్రువు తలుపు దాకా వస్తే మరగబెట్టి పైనుంచి పోయడానికీ అదే. ఆర్కిటెక్చర్ చదివే ఏ పిల్లయినా అక్కడ కూర్చుని ఆ గాళ్ల వాలు కొలవాలి. మనవాళ్లు చేతులు కట్టుకుని వరుసగా నడిచారు. ఏదీ ముట్టుకోలేదు, ఏదీ అడగలేదు. ఎవరైనా ఒమానీ ఎదురైతే తల దించుకున్నారు. ఆ అమ్మాయి అసలు బస్సే దిగలేదు.

అంతకుముందు గౌరవం తెలియక చూశారు. ఇప్పుడు భయపడి చూడటమే మానేశారు. క్రమశిక్షణ కుదిరిందని సార్ తృప్తిపడ్డారు. నాకు మాత్రం అది శుక్రవారం కంటే పెద్ద ఓటమిలా అనిపించింది. ఈ పిల్లలు ఇలాగే ఇంటికి వెళ్తే, ఒమాన్ అంటే వాళ్లకు ఒక అరుపు, ఒక తిట్టు, అంతే.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని జరిగినదాన్ని మళ్లీ మొదటి నుంచి తలచుకున్నాను. సంత అందరిదీ. ఊరి సందు అలా కాదు, పాత ఊళ్లలో అది సగం ఇల్లు. ఈ రెండింటికీ మధ్య నేనిచ్చింది బస్సులో ఒక గంట కూడా లేదు. సంతలో చెల్లిన పనే పిల్లలు సందులోనూ చేశారు. పైగా నమాజు వేళ, 27 మంది ఒక్కసారిగా. ఇక అసలు సంగతి, చూడటం తప్ప వాళ్లకు ఆ ఊళ్లో మరో పని లేదు. చేతికి పనిలేని మనిషి ఫోన్ తీస్తాడు.

వాన హెచ్చరిక, ఒక నిర్ణయం

అదే సమయానికి వాతావరణ హెచ్చరిక వచ్చింది. ఆదివారం సాయంత్రం నుంచి హజర్ కొండల మీద, తూర్పున వానలు. వాదీ షాబ్ రెండు నిటారు కొండల మధ్య లోయ. పడవలో చిన్న మడుగు దాటి, గంటకు దగ్గరగా నడిచి, నీళ్లలో ఈదుతూ లోపలికి వెళ్లాలి. లోయలో నిలబడినవాడి నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే, ఎక్కడో పై కొండల్లో కురిసిన వాన గోడలా వచ్చి మీద పడుతుంది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర వరదలో బడిపిల్లలు కొట్టుకుపోయారు. ఆ వార్త విన్నాక ఈ విషయంలో నేను ఎవరితోనూ వాదించను. వాదీ షాబ్ రద్దు చేశాను.

ఎడారి విషయం అంత తేలిగ్గా తేలలేదు. ఇసుకలో వరద భయం అంతగా లేదు. గుడారాలకు డబ్బు కట్టేశాం, తిరిగి రాదు. పిల్లలు అన్నిటికంటే ఎదురుచూస్తున్నది దానికోసమే. వెళ్తే ఆ రాత్రికి నవ్వుతారు కూడా. కానీ శుక్రవారం గాయం అలాగే ఉండిపోతుంది, మా వైపూ, ఊరి వైపూ. ఎడారి నుంచి తిరిగొచ్చే దారిలో వాగులు దాటాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. నిజ్వాలోనే మరో రెండు రాత్రులు ఉండి ఊరికి తిరిగి వెళ్దామని సార్‌కి, మేడమ్‌కి చెప్పాను. సార్ ఒప్పుకోలేదు. గెంటేసిన ఊరికి మళ్లీ వెళ్లడమేమిటి అన్నారు. మేడమ్ కాసేపు ఆలోచించి, ముందు మీరొక్కరే వెళ్లి అడిగి రండి, వాళ్లు రమ్మంటేనే కదా అన్నారు. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. ఊరు ఒప్పుకుంటుందో లేదో తెలియకుండానే నేను పట్టిక వేసేసుకున్నాను. అది శుక్రవారం చేసిన తప్పే మళ్లీ చేయడం.

శనివారం సాయంత్రం

మా డ్రైవరు ఆ చుట్టుపక్కల ఊరివాడే. అతన్ని వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. పెద్దవాళ్లను అక్కడ వాలిద్ అంటారు, తండ్రీ అని. కూర్చోగానే పని మాట ఎత్తకూడదు. వార్తలేమిటి, విశేషాలేమిటి అని వాళ్లు అడగాలి, అంతా కుశలమే అని మనం అనాలి, మళ్లీ మనం అడగాలి. ఖర్జూరాలు వచ్చాయి, తర్వాత కహ్వా, అంటే అరబ్బీ కాఫీ, యాలకుల వాసనతో. పిడిలేని చిన్న కప్పును కుడి చేత్తో అందుకోవాలి. చాలనిపిస్తే కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. మూడో కప్పు తర్వాత నేను శుక్రవారం మాట ఎత్తాను. తప్పు పిల్లలది కాదు, ఆ వేళకు తెచ్చిన నాది అన్నాను.

ఆయన ఆ సంగతి అక్కడితో వదిలేసి, వాళ్లేం చదువుతున్నారని అడిగారు. ఇళ్లు కట్టే చదువు, గీతలు గీయడం నేర్చుకుంటున్నారు అన్నాను. అప్పుడు ఆయన తన బాధ చెప్పుకున్నారు. ఆయన ఆ ఫలజ్‌కు వకీల్. మన దగ్గర వకీల్ అంటే లాయరు, అక్కడ ఫలజ్ వకీల్ అంటే ఆ కాలవ మంచిచెడ్డలు చూసే బాధ్యుడు. నీళ్ల వంతులు పంచేవాడిని అరీఫ్ అంటారు. ఈ ఊళ్లో ఏ తూము తర్వాత ఏ తూము తెరవాలి, ఏ తోటకు ఎన్ని అథర్‌లు అన్నది ఇద్దరు ముసలివాళ్ల తలల్లో మాత్రమే ఉంది. అథర్ అంటే సుమారు అరగంట నీళ్లు. కుర్రవాళ్లు మస్కట్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు, శుక్రవారాలకు వస్తారు. ఎవరైనా ఆ కాలవను కాగితం మీద పెడితే బాగుండును అన్నారు.

అది నాకు తట్టని సంగతి. నేను క్షమాపణ అడగడానికి వెళ్లాను, ఆయనకు మా పిల్లలతో అవసరం పడింది.

షరతులు ఆయనే పెట్టారు. ఆదివారం, సోమవారం ఉదయం 7 నుంచి 10 వరకే. ఒక్కో చోట ఆరుగురికి మించకూడదు. ఆడపిల్లల జట్లను ఆయన కోడలు తీసుకెళ్తుంది. కాగితం, పెన్సిలు, టేపు తప్ప ఫోన్ బయటికి రాకూడదు. పటం ఊరిది, ఊరు ఒప్పుకున్నంత మేరకే మాకు నకలు. ఊరు వాగు గట్టుకు పైన ఉంది, దారిలో వాగు దాటే చోటు లేదు. ఆ సంగతి సరిచూసుకున్నాకే సరేనన్నాను.

రెండు ఉదయాలు

ఆ రాత్రి జాబితాలు చదివించలేదు. నాలుగు జట్లు వేసి, ఒక్కో జట్టుకు కాలవలో ఒక ముక్క ఇచ్చాను. నీళ్లు ఇక్కడికి ఎటు నుంచి వస్తున్నాయి, ఇక్కడి నుంచి ఎటు పోతున్నాయి, ఎవరు మళ్లిస్తారు? ఈ మూడింటికి జవాబు తేవాలి, అంతే.

గీయడానికి ఒకచోట కూర్చోవాలి. ఫొటో తీసేవాడు ఆగడు, గీసేవాడు కదలడు. కాలవ గట్టు మీద కూర్చుని అరగంట కదలకుండా ఉంటే ఊరే వచ్చి పలకరిస్తుంది. ఒక ముసలాయన వెనక నిలబడి చాలాసేపు చూసి, పిల్లవాడి కాగితం మీద వేలు పెట్టి, ఇక్కడ ఇంకో పాయ ఉంది, ఎండాకాలం మూసేస్తాం అని చూపించాడు. తోటలో తూము గుడ్డలు, రాళ్లతో మూసి తెరిచే పని బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కూలీది. అతనితో మనవాళ్లకు హిందీ కలిసింది. వంతుల లెక్క ముసలివాళ్లదే అయినా నీళ్లలో చేయి పెట్టేది అతనే అని పిల్లలు పటం పక్కన రాసుకున్నారు. ఎన్నో ఏళ్లుగా అక్కడ తిరుగుతున్న నేను అతని పేరు మొదటిసారి ఆ రోజే అడిగాను.

అరీఫ్ గారు ఒక స్తంభాన్ని చూపించి, పూర్వం పగలు దాని నీడతో, రాత్రి నక్షత్రాలు కొండ వెనక్కి దిగే లెక్కతో వంతులు మార్చేవాళ్లమని, ఇప్పుడు చేతి గడియారమే అని చెప్పారు. అప్పుడు తెలంగాణ పల్లెటూరి అబ్బాయి ఒకడు ఉన్నట్టుండి, సార్, ఈయన మా నీరటి అన్నాడు. వాళ్ల తాత తరందాకా చెరువు తూము తీసి, మడి మడికీ నీళ్లు పారించి, పంటప్పుడు మేర తీసుకున్న మనిషి నీరటి. రాయలసీమ అమ్మాయి వెంటనే మా దగ్గర నీరుగంటి అంటారంది. నేను దాన్ని అరబ్బీలో చెబితే అరీఫ్ గారు ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఊళ్లో కాలం ఎలా కొలిచేవాళ్లని ఎదురు ప్రశ్నలు వేశారు. వాడికి జవాబు తెలియలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నానమ్మను అడిగాడు.

అన్నీ సవ్యంగా జరగలేదు. రెండో రోజు ఒక జట్టు ప్రతి తోట పక్కన యజమాని పేరు, అతనికున్న అథర్‌ల సంఖ్య రాసుకుంటూ పోయింది. చక్కటి సమాచారం అని నేనూ మెచ్చుకున్నాను. పెద్దాయన బంధువొకరు చూసి అభ్యంతరం చెప్పారు. నీటి వంతు ఆస్తి. అమ్ముతారు, కౌలుకిస్తారు, వారసులు పంచుకుంటారు, మసీదుకు రాసిస్తారు. ఎవరికెంత ఉందో కాగితం మీద పెట్టడమంటే పక్కింటివాడి పట్టాదారు పాసుపుస్తకం గోడకు అంటించినట్టే. పేర్లన్నీ చెరిపేశాం. తోటల పేర్లు, వంతుల వరుస మాత్రం ఉంచాం. ఊరికి పనికొస్తుందని మొదలుపెట్టిన పనిలోనూ ఎక్కడ ఆగాలో ఊరినే అడగాలని నాకు తట్టనే లేదు.

శుక్రవారం స్నానపు గదిలోకి అడుగు పెట్టిన ఆ అమ్మాయి మొదటి రోజు రానంది. మేడమ్ బలవంతం చేయలేదు, నేనూ చేయలేదు. సోమవారం తనే వచ్చింది. కోడలు ఆమెను శుక్రవారం అరిచిన ఆవిడ ఇంటికి తీసుకెళ్లింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చాక ఆమె ఆ రాతి గదిని దూరంగా కూర్చుని గీసింది. గుమ్మం అడ్డగోడ చాటున మలుపు తిరిగి ఉండటం వల్ల దారిన పోయేవాళ్లకు లోపల కనబడదు. ఆ మలుపే ఆమెను శుక్రవారం మోసం చేసింది. గోడ కొలతలు వేసింది. గుమ్మం ఎటు ఉందో మాత్రం పటంలో చూపించవద్దని ఆవిడ అడిగింది. ఆ చోట గీత వేయకుండా వదిలేసింది.

నేను మార్చుకున్నవి

పాత ఊళ్లకు ఇప్పుడు శుక్రవారం ఎవరినీ తీసుకెళ్లను. సంతకూ ఊరికీ మధ్య ఒక రాత్రి ఉండేలా చూస్తాను. నీళ్ల వరుస గురించి బస్సు దిగకముందే చెబుతాను. బిర్కత్ అల్ మౌజ్‌లో ఖత్మీన్ ఫలజ్ మూడు సమాన పాయలుగా చీలే చోటు రోడ్డుకు దగ్గరే, అందరికీ తెరిచి ఉంది. అక్కడ ఆగి ముందు ఆ పాఠం చెప్పుకుని, తర్వాతే చిన్న ఊళ్లలోకి వెళ్తాం. బృందం రావడానికి నెల ముందే ఊరికి వెళ్లి, మా పిల్లలతో మీకేమైనా పని ఉందా అని అడుగుతున్నాను. లేదంటే ఆ ఊరికి వెళ్లడం లేదు. రెండు ఊళ్లు లేదన్నాయి.

క్రమశిక్షణ గురించి సార్‌కీ నాకూ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఫోన్లు తీసుకోకపోయి ఉంటే సోమవారం దాకా వచ్చేవాళ్లమా అని ఆయన అడుగుతారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. రెండు ఉదయాలూ ఫోన్లు సంచీలోనే ఉన్నాయి మరి. శనివారం వాళ్ల చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆదివారం పెన్సిలు ఉంది. నాకు కనబడే తేడా అది.

ఆదివారం రాత్రి మేమున్నచోట నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. వాదీ షాబ్ అనవసరంగా పోయిందని కొందరు నొచ్చుకున్నారు. అదే హెచ్చరిక మళ్లీ వస్తే మళ్లీ రద్దు చేస్తాను. ఎడారి విషయంలో మాత్రం నాకు ఆ నమ్మకం లేదు. తిరిగి వెళ్లాక ఐదుగురు విద్యార్థుల ఇళ్ల నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇసుక తిన్నెలు చూపిస్తామని డబ్బు తీసుకుని చూపించలేదని. అది న్యాయమైన ఫిర్యాదు. గుడారాల ఖర్చు నా వాటా నుంచి వాళ్లకు తిరిగి ఇచ్చాను. ఆ తర్వాత నుంచి పట్టికలో ఆరు రోజులకు నాలుగు చోట్లే రాస్తున్నాను. రెండు రోజుల గడి ఖాళీగా ఉంచి, ఇది ఎక్కడ గడుస్తుందో అక్కడికి వెళ్లాకే తేలుతుందని తల్లిదండ్రులకు ముందే చెబుతున్నాను. కొన్ని కాలేజీలు ఆ గడి చూసి వేరే గైడ్ దగ్గరికి వెళ్లిపోయాయి.